వేసవి క్యాంపులో పిల్లలకు డర్ట్ బైక్ నేర్పాలి, మొదటి రోజు ఎక్కడ మొదలుపెట్టాలి?

మొరంబాట

అందరికీ నమస్తే. ఆరేళ్ళుగా హీరో ఎక్స్‌పల్స్ నడుపుతున్నాను, మట్టిదారులకూ పనికొచ్చే పెద్ద బండి అది, సెలవు దొరికితే వికారాబాద్ చుట్టుపక్కల మట్టిదారులు పట్టుకుని తిరగడమే నా పని. చేవెళ్ల దగ్గర మా స్నేహితుడికి మామిడితోట ఉంది. దాని పక్కన నాలుగెకరాల చెలక, రెండేళ్ళుగా ఏమీ వేయలేదు, చుట్టూ కంచె ఉంది. మే నెలలో అక్కడ పది రోజులు పిల్లలకు డర్ట్ బైక్ క్యాంపు పెడదామని వాడు పట్టుబట్టాడు, నేనూ సరే అన్నాను. పదకొండు మంది పేర్లు ఇచ్చారు. అందరికన్నా చిన్నదానికి ఎనిమిదేళ్ళు, పెద్దవాడికి పదిహేను. బళ్ళేమో 50 సీసీ ఆటోమేటిక్‌వి మూడు, క్లచ్ లేకుండా గేర్లు మాత్రమే ఉండే 110లు రెండు, ఇవి కాక నా ఎక్స్‌పల్స్.

నాకు నడపడం వచ్చుగానీ నేర్పడం రాదని పోయిన ఆదివారం తెలిసింది. స్నేహితుడి కూతురికి తొమ్మిదేళ్ళు, సైకిల్ బాగా తొక్కుతుంది. 50 మీద కూర్చోబెట్టి "మెల్లగా రేస్ ఇవ్వమ్మా" అన్నాను. ఇచ్చింది. బండి ఒక్కసారిగా ముందుకు దూకింది, పాప భయపడి హ్యాండిల్ ఇంకా గట్టిగా పట్టుకుంది, పట్టుకున్నకొద్దీ రేస్ పెరిగింది, బండి నేరుగా మామిడిచెట్ల వైపు పోతోంది. వెనకాల పరిగెత్తి సీటు పట్టుకుని పక్కకు లాగాను, ఇద్దరం పడ్డాం. మోకాలు దోక్కుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. ఏడవలేదు కూడా. లేచి దుమ్ము దులుపుకుని "బాబాయ్, ఆపడం ఎలా?" అని అడిగింది. ఆ ముక్క నేను చెప్పనే లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే అడుగుతున్నా. ఏ వరుసలో నేర్పాలి? ఒక మనిషి ఎంతమందిని చూసుకోగలడు? మే ఎండల్లో ఎంతసేపు నడపనివ్వాలి? పెద్ద పిల్లలు ఇప్పటినుంచే జంప్‌లు అడుగుతున్నారు, వాళ్ళకేం చెప్పాలి? పిల్లలకు నేర్పినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.

గేరుమట్టి

అన్నా, మీ ప్రశ్నకు జవాబు ఆ పాపే చెప్పేసింది. ఆపడం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. నేను బెంగళూరులో ఉంటాను, నాలుగు వేసవులుగా కోలార్ వైపు పిల్లల బ్యాచ్‌లకు నేర్పుతున్నాను. మొదటి రోజు మొదటి గంట మా దగ్గర ఇంజిన్ శబ్దమే వినపడదు.

ముందు బండి పక్కన నిలబడి తోయిస్తాం. తోస్తూ తోస్తూ ముందు బ్రేకు నొక్కితే బండి ముక్కు ఎలా దిగుతుందో, వెనక బ్రేకు నొక్కితే చక్రం ఎలా ఈడ్చుకుపోతుందో వాళ్ళ చేతికే తెలుస్తుంది. పడుకోబెట్టిన బండిని లేపడం కూడా అప్పుడే. తర్వాత సన్నటి వాలు చూసుకుని, సైకిల్ దానంతటది దొర్లేంత వాలు చాలు, ఇంజిన్ ఆపి ఉన్న బండి మీద కూర్చోబెట్టి వదులుతాం. కింద సున్నంతో అడ్డంగా గీత గీస్తాం, ముందు చక్రం ఆ గీత మీద ఆగాలి. పదిసార్లు, పదిహేనుసార్లు. పిల్లలకు ఇదో ఆట అయిపోతుంది, ఎవరు గీతకు దగ్గరగా ఆపారని పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటలోనే వేళ్ళకు బ్రేకు అలవాటవుతుంది.

ఇక రేస్ సంగతి. మీ పాపకు జరిగింది పెద్దవాళ్ళకు కూడా జరుగుతుంది. బండి దూకగానే ఒళ్ళు వెనక్కి పోతుంది, చేతులు హ్యాండిల్‌కు వేలాడతాయి, మణికట్టు కిందికి దిగుతుంది, మణికట్టు దిగిందంటే రేస్ ఇంకా తిరుగుతుంది. ఆ క్షణంలో "వదిలెయ్, వదిలెయ్" అని అరిచినా పిల్లలకు వినపడదు, వినపడినా చెయ్యి మాట వినదు. కాబట్టి ముందే చూసుకోవాలి. సీటు మీద బాగా ముందుకు జరిపి కూర్చోబెట్టండి. రేస్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు మణికట్టు పిడికిలితో సమానంగా ఉండాలి, కిందికి వంగి ఉండకూడదు. 50 సీసీ పిల్లల బళ్ళకు చాలావాటికి రేస్ పిడి దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, అది లోపలికి బిగిస్తే పిడి కొంచెమే తిరుగుతుంది. మొదటి మూడు రోజులు బిగించే ఉంచండి. లాగితే ఇంజిన్ ఆగిపోయే తాడున్న కిల్ స్విచ్ కొని మూడు 50లకూ పెట్టండి. మొదటి రోజు ఆ తాడు కొస పట్టుకుని నేను పక్కనే నడుస్తాను, తర్వాత అది పిల్లల నడుముకు కడతాను. మీ 110లకు క్లచ్ లీవరు లేదు కదా, అంటే కంగారులో క్లచ్ నొక్కి బండిని ఆపుకునే దారి లేదు, అందుకని ఇంజిన్ ఆపే ఎర్ర బటన్ ఎక్కడుందో కళ్ళు మూసుకుని కూడా నొక్కేలా అలవాటు చేయించండి.

బ్రేకు లీవరు పిల్లల చేతికి అందుతుందో లేదో ఒక్కొక్కరి వేళ్ళు పట్టుకుని చూడండి. వేలి కొస మాత్రమే తగులుతుంటే ఆ చేతికి బ్రేకు లేనట్టే. లీవరు దగ్గర సర్దే స్క్రూ ఉంటుంది, మొదటి గణుపు పైదాకా లీవరు మీద ఆనేలా లోపలికి తెచ్చుకోండి. పదకొండు మందికీ పదకొండు రకాలుగా సర్దాల్సి వస్తుంది, విసుక్కోకండి.

రెండో రోజు నుంచి నిలబడి నడపడం. పాదం ముందు భాగం ఫుట్‌రెస్ట్ మీద, మోకాళ్ళు కాస్త వంచి బండిని మెల్లగా నొక్కిపట్టి, మోచేతులు బయటికి, తల పైకి. చూపు దగ్గరే పిల్లలకు కష్టం, అందరూ ముందు చక్రాన్నే చూస్తారు. చెట్టును చూస్తే చెట్టు దగ్గరికే పోతారు. నేను దూరంగా ఎదురుగా నిలబడి చేతివేళ్ళు చూపిస్తాను, ఎన్ని వేళ్ళో వాళ్ళు నడుపుతూ అరిచి చెప్పాలి. ఇంతకన్నా మంచి ఉపాయం నాకు దొరకలేదు.

మలుపులు మూడో రోజు. మీది చెలక అంటున్నారు, గట్టి నేల మీద సన్న మొరం ఉంటే చక్రం కింద ఆవాలు పోసినట్టే. మలుపులో ముందు బ్రేకు నొక్కితే బండి కాళ్ళ కిందనుంచి జారిపోతుంది. బ్రేకంతా మలుపుకు ముందే, బండి నిటారుగా ఉండగానే అయిపోవాలి. తర్వాత ముందుకు జరిగి కూర్చుని, లోపలి కాలు ముందు చక్రం వైపు చాచి, బయటి కాలితో ఫుట్‌రెస్ట్ గట్టిగా తొక్కి, బయటపడే చోటు వైపు చూడాలి. ఎనిమిది అంకె ఆకారంలో తిప్పించండి, అదే సగం చదువు. వాలు ఎక్కడం దిగడం ఆ తర్వాత, అది కూడా మోకాలెత్తు గట్టుతో మొదలుపెట్టండి. ఎక్కుతూ మధ్యలో బండి ఆగిపోతే ముందు బ్రేకు వదలకుండా పై వైపుకు దిగి బండిని పడుకోబెట్టాలి. పట్టుకుని నిలబెట్టాలని చూస్తే బండే వాళ్ళ మీదికి వస్తుంది.

జంప్‌లు వద్దు. ఎడారుల్లో రోజుల తరబడి సాగే డాకర్ ర్యాలీని బైక్ మీద పూర్తి చేసిన మొదటి భారతీయుడు సీ.ఎస్. సంతోష్, 2015లో, ఆయన వీడియోలు చూసి వచ్చిన పిల్లలు మా దగ్గర కూడా మొదటి రోజే అడుగుతారు. రెండు చక్రాలూ నేల వదలకుండా చిన్న చిన్న దిబ్బల మీద నిలబడి పోనివ్వండి, పది రోజులకు అదే ఎక్కువ. ఒక మనిషికి నలుగురు, తిరిగేది ఒకే దిశలో, 50లు ఒక చోట, 110లు ఇంకో చోట. మధ్యలో తాడు కట్టండి. ఈల నమ్ముకోకండి, హెల్మెట్‌లో ఇంజిన్ చప్పుడుకు వినపడదు. ఎర్రగుడ్డ పైకెత్తితే ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి, దీన్ని రోజూ పొద్దున్నే ఒకసారి ఆడించండి.

సీతమ్మవాకిలి

మేము కాలిఫోర్నియాలో ఉంటాం. మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు ఇక్కడ మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ వాళ్ళ డర్ట్ బైక్ స్కూల్లో చేర్పించాం, ఆరేళ్ళ నుంచి తీసుకుంటారు. బయట కంచె దగ్గర నిలబడి చూసిన తల్లిగా నాలుగు మాటలు రాస్తాను, నాకు నడపడం రాదు.

ఇక్కడ పబ్లిక్ ఆఫ్‌రోడ్ పార్కుల్లో వయసు కన్నా ముందు చూసేది ఆ పిల్లకు హ్యాండిల్, బ్రేకులు, కాలి దగ్గర ఉండేవన్నీ అందుతున్నాయా, వాటిని వాడగలదా అని. అది రాష్ట్ర చట్టంలోనే ఉంది. మా అమ్మాయి మొదట నడిపింది యమహా పీడబ్ల్యూ50, సీటు నేలనుంచి 47 సెంటీమీటర్లే, రెండు బ్రేకులూ సైకిల్ లాగా చేతికే ఉంటాయి. సైకిల్ వచ్చిన పిల్ల కాబట్టి మొదటి గంటలోనే ఆపడం వచ్చేసింది. అదే వేసవిలో దాని స్నేహితురాలికి వాళ్ళ నాన్న "ఎలాగూ పెరుగుతుంది కదా" అని 110 కొన్నారు. కాలివేళ్ళ మీద నిలబడితే తప్ప నేల అందదు. ఆ పిల్ల ఆగిన ప్రతిసారీ పడింది, నడుపుతూ ఒక్కసారి కూడా పడలేదు. మూడో వారానికి నేను రానని చెప్పేసింది. చెప్పులు, గౌన్లు ఒక సైజు పెద్దవి కొంటాం సరే, బండి అలా కొనొద్దు. మీ ఎనిమిదేళ్ళ పాపకు రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనాలి.

ఇంకొకటి, తల్లిదండ్రులను ట్రాక్ లోపలికి రానివ్వకండి. మేమందరం బయటనుంచి "రేస్ ఇవ్వు, తిప్పు, చూసుకో" అని అరుస్తుంటే టీచర్ వచ్చి మర్యాదగా మమ్మల్ని ఇంకా వెనక్కి పంపించారు. అప్పుడు కోపం వచ్చింది నాకు. కానీ మేము వెళ్ళాక పిల్ల భుజాలు దిగడం నా కళ్ళతో చూశాను.

ఎముకలకట్టు

ఫిజియోథెరపిస్టుని, విజయవాడ. ప్రతి వేసవీ బండి మీదనుంచి పడ్డ పిల్లలు మా దగ్గరికి వస్తారు, అందుకని నాకు ఈ విషయంలో కొంచెం ఆవేశం ఎక్కువ.

పిల్లలు పడేటప్పుడు చెయ్యి చాచి ఆనుకుంటారు, మణికట్టు విరిగేది అక్కడే. రెండోది చీలమండ, బండి కాలి మీద పడినప్పుడు. స్కూలు బూట్లతో ఒక్కరిని కూడా ఎక్కనివ్వకండి, పిక్కలదాకా వచ్చే గట్టి బూట్లు ఉండాలి. అందరికీ కొనలేకపోతే నలుగురికి సరిపడా కొని వంతులవారీగా వేయించండి, ఎలాగూ ఒకసారి నడిపేది నలుగురే కదా. నిక్కర్లు అసలు వద్దు, సైలెన్సర్ కాలిన మచ్చ జీవితాంతం ఉండిపోతుంది. మోకాలు, మోచేతి గార్డులు, గ్లవ్స్, ఛాతీకి వీపుకి కవచం, కళ్ళకు గాగుల్స్. హెల్మెట్ పెట్టి పట్టీ బిగించాక గడ్డం భాగం పట్టుకుని అటూ ఇటూ ఊపండి, చెంపల చర్మం కూడా దాంతోపాటు కదలాలి. తల లోపల విడిగా తిరుగుతోందంటే అది వాళ్ళ నాన్న హెల్మెట్. గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పక్కన పడేయండి.

తలకు దెబ్బ తగిలిన పిల్ల "నేను బాగానే ఉన్నా" అన్నా సరే ఆ రోజుకు బండి బంద్. తలనొప్పి, వాంతి, మగతగా ఉండటం, అడిగిందే మళ్ళీ అడగడం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా ఆసుపత్రికే. పడి లేవకుండా ఉంటే హెల్మెట్ లాగేయకండి, ఊపిరి ఆడకపోతే తప్ప. మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఏ ఆసుపత్రికి పోవాలో, రాత్రీ పగలూ ఎక్స్‌రే తీస్తారో లేదో క్యాంపుకు ముందే మీరు స్వయంగా వెళ్ళి చూసి రండి.

ఇక ఎండ. ఆ సామానంతా వేసుకుంటే ఒంటికి గాలి ఆడదు, పిల్లలకు దాహం వేసిందని చెప్పేంత ఆగే ఓపికా ఉండదు. పొద్దున ఆరుకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించండి. పదిహేను నిమిషాలు నడిపితే పదిహేను నిమిషాలు నీడ, హెల్మెట్ తీసేయాలి, మజ్జిగో ఓఆర్ఎస్సో ఎదురుగా తాగించాలి. మీ మామిడితోట నీడ ఉంది, అది పెద్ద అదృష్టం. మొహం ఎర్రబడి, తల తిరుగుతోందని కూర్చుండిపోయిన పిల్లకు వెంటనే గార్డులన్నీ విప్పి, తడిగుడ్డతో ఒళ్ళు తుడవండి, తేరుకోకపోతే ఆలస్యం చేయకండి. ఇంకో మాట, "చివరి రౌండు, ఒక్కటే" అని బతిమాలుతారు చూడండి, మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది పడింది ఆ రౌండులోనే. ముంజేతులు అలిసిపోయాక బ్రేకు పట్టు ఉండదు.

పొదిలిరైతు

ఇదంతా చదువుతుంటే ఇంత హడావుడి ఎందుకనిపించింది. మా ఊళ్ళో పదేళ్ళ పిల్లలు టీవీఎస్ ఎక్సెల్ మీద పాల క్యాన్లు పెట్టుకుని పొలానికి పోయొస్తారు, ఎవరూ నేర్పలేదు. భయం పెట్టి నేర్పితే భయమే నేర్చుకుంటారు. ఒకటి మాత్రం ఒప్పుకుంటా, మా పిల్లలకు బ్యాలెన్స్ వచ్చింది పొలం గట్ల మీద సైకిల్ తొక్కి. మీ క్యాంపులో కూడా మొదటి రెండు రోజులు సైకిళ్ళు తెచ్చుకోమనండి, మట్టిలో సైకిల్ జారితే ఎలా ఉంటుందో తెలిసిన పిల్లవాడికి బండి సగం వచ్చినట్టే. అలాగే తుమ్మముళ్ళు ఏరించండి, చెలకల్లో అవి లేని చోటుండదు, ట్యూబులు నిలవవు.

కోర్టుమెట్లు

రైతన్నా, సైకిల్ మాట చాలా బాగుంది. కానీ ఆ పదేళ్ళ పిల్లవాడు పొలం నుంచి రోడ్డెక్కాడంటే సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం పబ్లిక్ ప్లేస్‌లో బండి నడపాలంటే 18 ఏళ్ళు నిండాలి, 50 సీసీ లోపు బళ్ళకు మాత్రం 16. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఆ చివరి ముక్క చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

మొరంబాట గారూ, కంచె వేసిన సొంత చెలక మీకు మంచిదే, అయినా గేటు ఎప్పుడూ వేసి ఉంచండి. బళ్ళు ట్రాలీలో తెప్పించండి, గేటు బయట ఊరి రోడ్డు మీద పది గజాలు కూడా ఏ పిల్లనూ నడపనివ్వకండి. తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వకంగా అంగీకారం తీసుకోండి, అందులో పిల్లల మందులు, అలర్జీలు, పాత దెబ్బలు అన్నీ రాయించండి. ఆ కాగితం ఉంది కదా అని మీ అజాగ్రత్తకు మాఫీ ఉండదు, అది మాత్రం గుర్తుంచుకోండి.

మొరంబాట

అందరికీ చాలా చాలా థాంక్స్. ఒక్కొక్కటీ రెండుసార్లు చదివాను. నిన్న ఆదివారం మళ్ళీ పాపను తీసుకెళ్ళాను, వాళ్ళ అమ్మ ఒప్పుకోదేమో అనుకున్నా, పాపే పట్టుబట్టిందట.

గంటన్నర ఇంజిన్ స్టార్ట్ చేయలేదు. లీవరు చూస్తే తన చూపుడువేలి కొస మాత్రమే తగులుతోంది, అంటే పోయిన వారం బ్రేకు సంగతి చెప్పినా ఆ పిల్లకు నొక్కే వీలే లేదు. అది సర్దేసరికి నాకు గుండె బరువెక్కింది. తర్వాత బావి గడ్డ వైపు చిన్న వాలు మీద సున్నం గీత గీశాను. మొదటిసారి గీత దాటి మూడు అడుగులు పోయింది. ఐదోసారికి వేళ్ళు మెత్తగా బిగించడం వచ్చింది, ఒక్కసారే లాగకుండా పాలు పితికినట్టు. తొమ్మిదోసారి చక్రం సరిగ్గా తెల్లగీత మీద ఆగింది. దిగి వంగి చూసి "టైరుకు సున్నం అంటుకుంది బాబాయ్" అని నాకు చూపించింది. ఆ తర్వాతే ఇంజిన్. స్క్రూ బిగించి, తాడు నా చేతిలో పెట్టుకుని, తోట అంచు దాకా నాలుగుసార్లు పోయి నాలుగుసార్లూ తనే ఆపింది.

సైకిళ్ళు తెచ్చుకోమని అందరికీ మెసేజ్ పెట్టాను. ఇంకో ఇద్దరు స్నేహితులు వస్తామన్నారు, అంటే పదకొండు మందికి ముగ్గురం. వాటర్ ట్యాంకర్ కూడా మాట్లాడాను, దుమ్ము లేస్తే వెనకవాళ్ళకు కనపడదు కదా. ఒక్కటే మిగిలింది. పదిహేనేళ్ళ అబ్బాయి నా ఎక్స్‌పల్స్ ఇవ్వమంటున్నాడు, నా భుజందాకా వస్తాడు, ఇవ్వొచ్చా?

గేరుమట్టి

టైరుకు సున్నం అంటుకుందన్న మాట చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను అన్నా.

ఎక్స్‌పల్స్ ఇప్పుడే వద్దు. సీటు ఎత్తు 820 మిల్లీమీటర్ల పైనే, బరువు 150 కిలోలు దాటుతుంది, పడితే ఆ అబ్బాయి ఒక్కడే లేపలేడు. ఏడు రోజులు 110 మీదే ఉంచండి. ఎనిమిదో రోజు ఇంజిన్ ఆపి మీ బండిని పక్కన పడుకోబెట్టి లేపమనండి, తర్వాత తోసుకుంటూ ఎనిమిది అంకె తిప్పమనండి. రెండూ ఒంటరిగా చేస్తే అప్పుడు హాఫ్ క్లచ్ నేర్పండి, రేస్ ముట్టుకోకుండా క్లచ్ మెల్లగా వదులుతూ మొదటి గేర్లో నడక వేగంతో ఇరవై అడుగులు, మళ్ళీ ఆపడం. మీ సున్నం గీత దగ్గరే. టైర్లలో గాలి కూడా రోడ్డు మీద ఉంచినంత ఉంచకండి, మొరం మీద కొంచెం తగ్గిస్తేనే పట్టు ఉంటుంది.